ఆముదం తాగిన సీటు

మోకాళ్లు పట్టేస్తున్నాయని డాక్టరు దగ్గరికి పోతే, మందుల కన్నా సైకిలు తొక్కడం మేలన్నాడు. ఈ వయసులో సైకిలేందని ఇంట్లో నవ్వినారు. అయినా పోయిన నెల గిద్దలూరు పోయి ఒకటి కొన్నాను. దుకాణం ఆయన సైకిలు బయటికి తీసి తుడిచి, సీటు గట్టిగా ఉంటుంది, పైన మెత్తటి తొడుగు ఒకటి వేసుకోమని చెప్పినాడు. లోపల జెల్లు ఉంటుందట. నా చెయ్యి పట్టుకుని బొటనవేలితో దాన్ని నొక్కించినాడు. వేలు లోపలికి దిగింది. తీయగానే గుంట పూడిపోయింది. నొక్కిన గుర్తే లేదు.

తోలు సీట్లు ఇప్పుడు రావా అని అడిగినాను.

"ఆ కట్టె మీద ఇప్పుడు ఎవరు కూర్చుంటారు పెద్దాయనా" అన్నాడు ఆయన. "అవి చేసేటోళ్లూ లేరు, మెత్తగా చేసేటోళ్లూ లేరు."

తొడుగు వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆయనకు చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. చెప్పాల్సినప్పుడు చెప్పకపోవడం నాకు కొత్త కాదు.

నేను గిద్దలూరు కాలేజీలో చేరిన ఏడు మా నాయన నాకొక పాత సైకిలు కొనిచ్చినాడు. బదిలీ మీద పోతున్న గుమాస్తా ఒకాయన అమ్మినాడు. మా ఊరి నుంచి కాలేజీకి పది మైళ్లు. సగం కంకర రోడ్డు, సగం బండి బాట. పొద్దున పోయేటప్పుడు ఎడమ పక్క నల్లమల నీలంగా కనపడేది, కుడి పక్క కొర్ర చేలు, ఆముదం చేలు. చలికాలం ఆ దారిలో మంచు తడిసిన గొర్రెల మందల వాసన, ఎవరో చితుకులు మండించిన పొగ వాసన. ఇప్పుడు ఆ దారి తారు రోడ్డయింది. కొర్ర చేలు లేవు. ఆముదం మొక్క చూసి చాన్నాళ్లయింది.

సైకిలు మంచిదే. సీటుతోనే వచ్చింది తంటా. దళసరి తోలు సీటు. గుమాస్తా గారు బరువైన మనిషి. ఏళ్ల తరబడి కూర్చుని దాని మీద తన గుంటలు తాను చేసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని ఆఫీసు ముందు ఎండలో నిలబెట్టి నిలబెట్టి ఎండబెట్టినాడు. నడిమధ్యన ఎద్దు వెన్నులాగా ఒక గట్టు లేచింది. మార్కాపురం పలకను నిలువుగా పెట్టి దాని అంచు మీద కూర్చున్నట్టుండేది. వారం తిరగకుండానే నాకు సెగగడ్డలు లేచినాయి. కాలేజీలో కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటే, లాగులో కంపచెట్టు పెట్టుకొచ్చినావా అని స్నేహితులు ఏడిపించేవాళ్లు.

మా అవ్వ తనకు తోచిన వైద్యాలన్నీ చేసింది. మొదట పాత గొంగడి ముక్క కుట్టి కట్టింది. అది దురద. తర్వాత గోనెసంచిలో కొర్ర పొట్టు పోసి చిన్న దిండు చేసింది. రెండో మైలుకే పొట్టంతా వెనక్కి చేరి, ముందు మళ్లీ అదే గట్టు. ఒకరోజు దిండు చినిగి పొట్టు దారి పొడవునా రాలితే, వెనక వస్తున్న బండాయన, విత్తనాలు చల్లుకుంటా పోతాండవా అల్లుడా అని అరిచినాడు. ఆ రోజు రాత్రి అన్నం తినేటప్పుడు కూడా గొంతుక్కూర్చున్నాను, పీట మీద కూర్చోలేక. మా నాయన చూసినాడు. సీటు ఊడదీసి పాలెంలో ఇచ్చి రమ్మన్నాడు.

మా ఊరికి తూర్పున మాదిగపాలెం. అక్కడ తోలు పని చేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మా ఇంటికి ఆయనది తరాల పని. బావి నుంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిలకు పెద్ద తోలు సంచి ఉంటుంది. దాన్ని కుట్టేది, చినిగితే అతుకు వేసేది, ఏడాదికి రెండుసార్లు ఆముదం పట్టించేది ఆయనే. ఎద్దుల మెడపట్టీలు, చెర్నాకోలలు, మా చెప్పులు, అన్నీ ఆయన చేతివే. దానికి కూలి లేదు. పంట చేతికొచ్చినప్పుడు కళ్లంలో కొలిచి పోసే గింజలే. మేర అనేవాళ్లం. ఆ మేర మీదే ఆ ఇల్లు ఏడాదంతా తినేది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా ఊర్లో అందరూ అందరికీ ఏదో ఒక వరస. కుండలు చేసే ఆయన మామ, దూదేకులాయన చిన్నాయన, బట్టలుతికే ఆమె అత్త. పాలెం దగ్గరికి వచ్చేసరికి ఆ వరసలు ఆగిపోయేవి. మా నాయన కన్నా పదేళ్లు పెద్దవాణ్ణి నేను పేరుకు గాడు తగిలించి, ఒరేయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను సామీ అనేవాడు. ఈ కాగితం మీద ఆయన అని రాస్తున్నాను గాని, ఆ రోజుల్లో నా నోట్లో ఆ మాట లేదు.

సీటు తీసుకుపోయి ఆయన గుడిసె ముందర నేల మీద పెట్టినాను. చేతికివ్వలేదు. అట్ల ఇవ్వకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే నేర్చుకున్నాను.

"ఏంరా, ఇది మెత్తబడుతుందా?"

ఆయన సీటు తీసుకుని తిప్పినాడు. అడుగు వైపు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినాడు. బొటనవేలితో అక్కడక్కడ నొక్కినాడు.

"చావలేదు సామీ. దప్పికతో ఉంది, అంతే."

"దప్పిక సీటుకు, నడవలేనిది సామికి" అంది గుడిసెలోంచి ఆయన భార్య. ఆమె నా నడక చూసింది. నాకు కోపం రావాల్సింది. ఆయన ఎంత కమ్మగా నవ్వినాడంటే, నాక్కూడా నవ్వొచ్చింది.

ఆ పని నాలుగు రోజులు పట్టింది. కాలేజీ ఎగ్గొట్టి రోజూ పోయి ఎదురుగా బండ మీద కూర్చునేవాణ్ణి. ఆ గుడిసె ముందు వాసన నాకింకా గుర్తుంది. తోలు పదునుకు కుండలో నానుతున్న తంగేడు చెక్క వాసన, పచ్చి తోలు వాసన, పొయ్యి మీద వెచ్చబడుతున్న ఆముదం వాసన. మొదటి రెండు రోజులు ముక్కు మూసుకున్నాను. మూడో రోజు నుంచి మర్చిపోయినాను.

మా అవ్వ అంతకుముందు సీటుకు పైన ఆముదం రాసిందని చెబితే ఆయన తల ఊపినాడు. "పైన నునుపు సామీ. అది మూసుకొని ఉంటాది. లోపలి వైపు నోరు తెరుచుకొని ఉంటాది. తాపేది నోటికి గదా."

అడుగు వైపు పేరుకున్న మట్టి, తుప్పు గీకినాడు. గోరువెచ్చటి ఆముదం గుడ్డతో అద్ది, నీడలో బోర్లించినాడు. మరుసటి రోజు మళ్లీ అద్దినాడు. మూడో రోజు నున్నటి గుండ్రాయి తీసుకుని పై గట్టు మీద పసిబిడ్డకు ఒళ్లు రుద్దినట్టు మెల్లగా రుద్దినాడు. రుద్దేకొద్దీ ఆ గట్టు అణిగింది. రెండు పక్కలా వేలాడే అంచులకు చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, కింద నుంచి సన్నటి తోలు వారుతో ఒకదానికొకటి లాగి కట్టినాడు. అట్ల కడితే తోలు పక్కలకు పరుచుకుపోదట. ముందున్న మరను పావు చుట్టు వదులు చేసి, చేత్తో చూసి, మళ్లీ కొంచెం బిగించినాడు.

పని చేస్తూ ఒక మాట అడిగినాడు. మీ నాయన బావికి కరెంటు మోటరు పెడతాడంట గదా, నిజమేనా సామీ అని. పెడుతున్నాడని నాకు తెలుసు. మోటరొస్తే కపిల ఉండదు. కపిల లేకపోతే తోలు సంచి ఉండదు. నాకు తెలీదన్నాను. ఆయన కాసేపు రాయి ఆపి, "నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు" అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

నాలుగో రోజు సైకిలును పాలెం దాకా తోసుకుపోయినాను. సీటు ఆయనే బిగించినాడు. "ఇప్పుడు దీనికి నీ బరువు నేర్పాల. పదైదు దినాలు నువ్వొక్కడివే కూర్చో. ఎండలో పెట్టొద్దు, సెగ తగలనీయొద్దు. నీళ్లు అసలే తగలనీయొద్దు సామీ. తోలు మనిషిని గుర్తు పెట్టుకుంటాది."

అక్కడ నుంచి మా ఇంటికి అర మైలు. ఆ అర మైలు నా జీవితంలో మరిచిపోలేను. కంకర మీద పోతున్నా చెక్రాలకు దెబ్బ తగులుతుంది గాని నాకు తగల్లేదు. ఎవరో రెండు చేతులు దోసిలి పట్టి నన్ను మోస్తున్నట్టుంది. ఒక చెయ్యి వదిలి ఈల వేసుకుంటా ఇల్లు చేరినాను.

అవ్వ వాకిట్లోనే ఆపింది. చెప్పులైతే గడప బయట ఉంటాయి, సైకిలు వసారాలోకి వస్తుంది, గింజల గాదెలు ఉండేది అక్కడే. పాలెంలో నాలుగు దినాలు ఉండొచ్చిన వస్తువు మీద పసుపు నీళ్లు చల్లనిదే లోపలికి రావద్దంది. నీళ్లు తగలకూడదంట అవ్వా అన్నాను. "వాడు చెప్పేది, మనం వినేదీనా?" అంది. నాలుగు చుక్కలు చల్లితే సరిపోతుందంది.

నాలుగు చుక్కలు చల్లి ఉంటే ఏమీ అయ్యేది కాదు. సైకిలు ముందు స్నేహితుడొకడు నిలబడి ఉన్నాడు. చెనక్కాయల చేను పీకుతున్నారు, రాశి దగ్గర కాపలా లేదు, పోదాం రమ్మంటున్నాడు. అవ్వ మళ్లీ మళ్లీ అరవకుండా, మరలు విప్పి సీటును బావి దగ్గర ఎద్దుల తొట్టిలో ముంచి, తీసే పని తర్వాత చూద్దామని పరిగెత్తినాను. చేలో ఎండు కట్టె మీద చెనక్కాయలు కాల్చుకుని, మూతులు నల్లగా చేసుకుని, కడుపు నిండా తిన్నాం. వచ్చి స్నానం చేసి పడుకున్నాను. సీటు పొద్దున దాకా గుర్తు రాలేదు.

తీసేసరికి అది నాని ఉబ్బి, పాచి పట్టిన గుమ్మడి ముక్కలాగా ఉంది. నాయన చూసేలోగా ఆరబెట్టాలనుకున్నాను. స్నానానికి నీళ్లు కాచే పొయ్యి పక్కన పెట్టి, ఇంకొక రెండు కట్టెలు ఎగదోసినాను. ఆయన నీళ్లు తగలనీయొద్దన్నాడు, సెగ తగలనీయొద్దన్నాడు. రెండూ తప్పినాను. మధ్యాహ్నానికి ఆ తోలు అప్పడంలాగా ముడుచుకుపోయింది. ఆయన కట్టిన తోలు వారు తెగింది. వెనక మేకుల దగ్గర చీలింది. గట్టు మళ్లీ లేచింది, ముందుకన్నా ఎత్తుగా.

నాయన చూసి, ఏమైందిరా దీనికి అన్నాడు.

"వాడు చేసిందే" అన్నాను. "నిప్పు మీద కాల్చినట్టున్నాడు."

నాయన ఇంకేమీ అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. బావికి మోటరొస్తే తరాలుగా ఇచ్చే మేర ఎట్ల ఆపాలా అని నాయన లోపల లోపల ఆలోచిస్తున్నాడు. ఒక సాకు కావాలి. నేను ఇచ్చినాను.

కార్తీకంలో కొర్రలు నూర్చినాం. కళ్లమంతా పొట్టు ఎగిరి, ఎండలో బంగారపు దుమ్ములాగా ఉండేది. దాని దురద, దాని తియ్యటి వాసన. గింజలు రాశి పోసినాక ఊరి పనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడేవాళ్లు. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి. అందరికన్నా వెనక, కళ్లం గట్టు అవతల, దుప్పటి భుజాన వేసుకుని ఆయన. అందరికీ పోసినాక నాయన చేట కింద పెట్టి, "నీకేం లేదు, పో" అన్నాడు. పిల్లోని సీటు పాడుచేసి, ఏ మొఖం పెట్టుకుని వచ్చినావన్నాడు.

కళ్లంలో అందరూ ఆగిపోయినారు. ఆయన ఆ సీటు ఒకసారి చూపించమన్నాడు. నాయన దాన్ని ముందే బండిలో వేసుకొచ్చినాడు, తీసి గట్టు అవతలికి విసిరేసినాడు. ఆయన దాన్ని ఎత్తుకున్నాడు. అడుగు వైపు తిప్పి వాసన చూసినాడు. బొటనవేలితో నొక్కినాడు. అప్పుడు తలెత్తి నన్ను చూసినాడు. ఎక్కువసేపు కాదు. ఊపిరి తీసి వదిలినంత సేపు.

"నీళ్లు తగిలినాయి సామీ" అన్నాడు నాయనతో.

నాయన నా వైపు తిరిగినాడు. "నీళ్లు తగిలించినావా?"

కమ్మరి మామ చూస్తున్నాడు. బట్టలుతికే అత్త చూస్తోంది. తొట్టిలో పెట్టినానని ఒక్క మాట అంటే నాకేమయ్యేది? ఒక చెంపదెబ్బ, రెండు తిట్లు, నాలుగు రోజుల నవ్వులు. అంతకన్నా ఏమీ లేదు.

"లేదు" అన్నాను.

ఆయన సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచినాడు. "అయితే నా చేతిదే తప్పు సామీ" అన్నాడు. గింజల కోసం తెచ్చుకున్న దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, సీటు చంకలో పెట్టుకుని పోయినాడు. ఆ మడతలు పెట్టడం ఎంత నిదానంగా పెట్టినాడో. తర్వాత నాయన గోనెల లెక్క అడిగినాడు, అందరూ మళ్లీ పనిలో పడినారు.

ఆ సంవత్సరమే మిగతా రైతులు కూడా, ఫలానా ఇంట్లోనే ఆపినారు గదా అని, ఆయన మేర ఆపినారు. కారణం నా సీటేనని ఊరంతా చెప్పుకుంది. కళ్లం అయిన పది రోజుల తర్వాత ఆయన భార్య వచ్చి మా వాకిలి బయట అదే సీటు పెట్టి, పిలవకుండా పోయింది. కొత్త తోలు అతుకు, కొత్త మేకులు, కొత్త వారు. గట్టు అణిగి ఉంది. అడుగు వైపు ఆముదం చెమ్మ ఇంకా ఆరలేదు. వాళ్ల ఇంట్లో గింజ లేని రోజుల్లో ఆ ఆముదం ఎక్కడిదో నేను ఊహించలేను. నాయన అప్పటికే రెగ్జిను సీటు తెచ్చినాడు. దీన్ని నేను కొట్టంలో చిలక్కొయ్యకు తగిలించినాను. ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేదు. ఎప్పుడో ఎలుకలు కొట్టేసినాయి.

ఆయనా, ఆయన భార్యా రోడ్డు పనులకు పోయినారని విన్నాను. కంకర కొట్టే పని. తోలు మీద రాయి రుద్దిన చేతులు అవి. మా బావికి మోటరొచ్చింది, ఆ తర్వాత బావే ఎండిపోయి బోరొచ్చింది. నేను చదువుకుని పంతులునయినాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినాను. అబద్ధమాడిన పిల్లల్ని అవసరం కన్నా గట్టిగా కొట్టినాను. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే ఎందుకు కొట్టినానో ఇప్పుడైనా తెలుస్తుంది.

ఆయన్ను ఇంకొక్కసారి చూసినాను. కొమరోలు బస్టాండులో కిక్కిరిసిన బస్సు ఎక్కితే, కిటికీ పక్క సీట్లో ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, కళ్లు మసకలు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడినాడు. "కూర్చో సామీ" అన్నాడు. మీరు కూర్చోండి అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. బస్సు కదిలింది, అందరూ తోసుకుంటున్నారు.

నేను కూర్చున్నాను.

గిద్దలూరు దాకా ఆయన పైకమ్మి పట్టుకుని నా పక్కనే నిలబడి ఊగుతా వచ్చినాడు. బాగున్నావా సామీ, పిల్లలెంతమంది, అని అడిగినాడు. నేను జవాబులు చెప్పినాను. ఆ సీటు గురించి చెప్పడానికి ముప్పావు గంట దొరికింది. దిగిపోయినాను.

ఇప్పుడు ఊరికి రెండు మైళ్ల దూరంలో రోడ్డు పక్కన ఉంటున్నాను. కొన్న సైకిలు మీద మొన్నొకరోజు మొదటిసారి పాలెం దాకా పోయినాను. గుడిసెలు లేవు, డాబాలున్నాయి. తంగేడు చెక్క వాసన లేదు. ఆయన పోయి చాలా ఏళ్లయిందని, వాళ్లవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారని ముందే విన్నాను. పాలెం వాళ్లు కిరస్తానం పుచ్చుకున్నవాళ్లు, చర్చి వెనక సమాధుల తోటలో ఉంటాడు కదా, అక్కడైనా నిలబడి ఆ మాట చెప్పి వద్దామనుకున్నాను. వినేవాళ్లు లేనప్పుడు చెప్పడం నాలాంటి వాడికి తేలిక.

సైకిలు గోడకు ఆనించి లోపలికి పోయినాను. సిమెంటు శిలువలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద చక్కటి అక్షరాలతో పేరు, చివర గారు. దావీదు గారు. యోహాను గారు. సొలొమోను గారు. ఒక వరస చదివినాను. రెండో వరస చదివినాను. అప్పుడు తెలిసింది నాకు. వాళ్ల దేవుడి దగ్గర ఆయన పెట్టుకున్న పేరు ఏందో నేను ఎన్నడూ అడగలేదు. నాకు తెలిసింది ఊరు పిలిచిన పేరొక్కటే. చివర గాడు ఉన్నది.

మేకలు మేపుకుంటున్న ఒక పెద్దామె గోడ పక్క నుంచి నన్ను చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది.

"ఎవరి కోసం నాయనా? పేరు చెప్పు, చూపిస్తా."

నోరు తెరిచినాను. ఆ పేరు నాలుక మీదే ఉంది. ఆ రాళ్ల మధ్య, ఆమె ముందర, దాన్ని పలకలేకపోయినాను. తోలు పని చేసే పెద్దాయన అని చెప్పొచ్చు. నా సీటు బాగు చేసినాయన అని చెప్పొచ్చు. ఇప్పుడు ఇంత తీరిగ్గా రాస్తున్నాను గాని, అప్పుడు అదీ రాలేదు.

"ఊరికే వచ్చినాలేమ్మా."

"తెలిసినోళ్లు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ?"

"లేరు" అన్నాను.

ఆమె మేకల్ని అదిలించుకుంటా పోయింది. నేను బయటికొచ్చినాను. సైకిలును ఎండలోనే పెట్టినట్టున్నాను, సీటు కాలిపోతోంది. చల్లబడేదాకా నీడన నిలబడొచ్చు. అట్లే ఎక్కినాను.